విశాఖలో మన వీధి హోటల్లో తినడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బదిలీ మీద వచ్చినవాళ్లు, పిల్లల్ని కాలేజీలో చేర్చడానికి వచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ ఇంటి పక్క కర్రీ పాయింట్ దాటనివాళ్లు అందరూ తిప్పి తిప్పి అడిగేవి ఇవే. స్టార్ హోటళ్ల సంగతి ఇందులో లేదు. టిఫిన్ సెంటర్లు, మెస్సులు, బిర్యానీ పాయింట్లు, కాలనీల్లో ఉండే ఫ్యామిలీ రెస్టారెంట్లు, వీటి వరకే. మీకు కావలసిన ప్రశ్న చూసుకుని అక్కడితో ఆగిపోవచ్చు.

## వెళ్లే ముందు

వైజాగ్‌లో బెస్ట్ హోటల్ ఏది? ఒక్క పేరు చెప్పండి చాలు.

పేరు చెప్పడం తేలికే, కానీ ఆరు నెలలు తిరిగేసరికి అది చెల్లకపోవచ్చు. ఈ స్థాయి హోటళ్లలో రుచి వంటమాస్టర్ చేతిలో ఉంటుంది. ఆయన మానేసి ఎదురు వీధిలో చేరితే రుచి కూడా ఆయన వెంటే పోతుంది. బోర్డు, పాత పేరు మాత్రం ఇక్కడే ఉంటాయి. అందుకే పేరు అడిగే బదులు జనాన్ని చూడండి. మధ్యాహ్నం ఒంటిగంటకి ద్వారకానగర్‌లో బ్యాంకు ఉద్యోగులు, కోచింగ్ పిల్లలు ఏ మెస్ ముందు నిలబడ్డారు, గాజువాకలో షిఫ్టు దిగినవాళ్లు బండి ఎక్కడ ఆపుతున్నారు అన్నది గమనించండి. రోజూ తినేవాడు రుచి చెడిన చోటికి మూడో రోజు రాడు. పైగా జనం ఆడే చోట వండింది వండినట్టు అయిపోతుంది కాబట్టి నిలవ గొడవ తక్కువ.

ఏ ఏరియాకి ఏం తినడానికి వెళ్లాలి?

పొద్దున్నే టిఫిన్‌కి ద్వారకానగర్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల వీధులు. రాత్రి బస్సులు దిగేవాళ్ల కోసం అక్కడ పొయ్యి పెందలాడే వెలుగుతుంది. బిర్యానీకి జగదాంబ సెంటర్ ఊరికి పాత అలవాటు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెం వైపు ఫ్యామిలీ రెస్టారెంట్లు, కర్రీ పాయింట్లు ఎక్కువ. చేపలు, రొయ్యలు, బొంగు చికెన్ కావాలంటే రుషికొండ నుంచి భీమిలి వెళ్లే దారి. ఆర్కే బీచ్ దగ్గర మురీ మిక్చర్, బజ్జీలు, కాల్చిన మొక్కజొన్న పొత్తు తినండి. అదే బీచ్ ఎదురుగా కూర్చుని భోజనం చేస్తే బిల్లులో కొంత సముద్రానికి కడుతున్నారని ముందే అనుకోండి.

ఆన్‌లైన్ రేటింగ్ నమ్మొచ్చా?

అంకె చూడకండి, తేదీలు చూడండి. మొన్నటి రెండు మూడు నెలల రివ్యూలు, జనం తీసిన ప్లేటు ఫొటోలు చాలు. ఫొటోల్లో ఒకే బిర్యానీ ఒకసారి పసుపుగా, ఇంకోసారి ఎర్రగా కనిపిస్తే వంటమనిషి మారి ఉండొచ్చు. 'ఆంబియన్స్ సూపర్' అని మాత్రమే రాసిన రివ్యూలు తిండి గురించి ఏమీ చెప్పవు.

ఏ టైముకి వెళ్తే ఏం దొరుకుతుంది?

టిఫిన్ ఉదయం ఆరు నుంచి పదిన్నర దాకా. మీల్స్ పన్నెండు నుంచి మూడు. మూడు దాటాక గంటన్నర పాటు చాలా వంటగదులు పడుకుంటాయి. అప్పుడు వెళ్తే 'ఫ్రైడ్ రైస్, నూడుల్స్ ఉన్నాయండి' అంటారు. నాలుగున్నరకి బజ్జీలు, పునుగులు మొదలవుతాయి. ఏడు దాటితే మళ్లీ ఇడ్లీ, దోశ, చపాతీ. రాత్రి పూట టిఫిన్ తినేవాళ్లు ఈ ఊళ్లో చాలా ఎక్కువ, అందుకే సాయంత్రం బండ్లకు అంత గిరాకీ.

బిర్యానీకి మాత్రం టైము ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో డేగిసా మూత తీస్తారు. చేయి తిరిగినవాడు పై అన్నం కెలకడు. గరిటెని అంచు వెంట నిలువుగా అడుగుదాకా దింపి, తెల్ల అన్నం, పసుపు అన్నం, మసాలా, ముక్క అన్నీ ఒక్క ఎత్తులో పైకి తీస్తాడు. పన్నెండున్నరకి ఆ ప్లేటు పొడిపొడిగా ఉంటుంది. రెండున్నరకి అదే డేగిసాలో అడుగున మిగిలింది నూనె పట్టి ముద్దగా ఉంటుంది. ధర ఒకటే.

ఆదివారం వెళ్లొచ్చా, రద్దీనా?

నాన్‌వెజ్‌కి ఆదివారం మధ్యాహ్నం రద్దీయే. పన్నెండున్నర లోపు వెళ్లండి, లేదా పార్సిల్ చెప్పుకోండి. చిన్న టిఫిన్ సెంటర్లు కొన్ని వారానికి ఒక రోజు మూసేస్తాయి. అది ఏ రోజో పొయ్యి దగ్గరి మనిషినే అడగండి, ఫోన్లో చూపించేది నమ్మి బయలుదేరకండి.

కార్తీక మాసంలో నాన్‌వెజ్ హోటళ్లు మూసేస్తారా?

మూయరు, కానీ బేరం తగ్గుతుంది. సోమవారాలు మరీ పలచన. బేరం తగ్గినప్పుడు కొన్నిచోట్ల మాంసం ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులు ఉండిపోతుంది. ఆ నెలలో నాన్‌వెజ్ తినాలంటే జనం ఆడే పెద్ద చోటికే వెళ్లడం నయం. శాకాహారులకు మాత్రం అది పండగ. మామూలు రోజుల్లో కనబడని కందా బచ్చలి, పనసపొట్టు కూర లాంటివి మెస్సుల్లో వరసగా వడ్డిస్తారు.

పక్కనే సముద్రం కదా, ఏడాదంతా తాజా చేప ఉంటుందా?

ఉండదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ విరామం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. ఇంజిన్ లేని తెప్పలు, చిన్న పడవలు తెచ్చేది కొంచెమే. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది కాబట్టి, మే నెలాఖరు దాకా అటునుంచి ఐసులో చేప వస్తుంది. అంటే మే నెలలో మీ ప్లేటులో వంజరం ముక్క ఉంటే అది ప్రయాణం చేసి వచ్చిందో, కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిందో అయి ఉంటుంది. తినకూడదని కాదు, 'ఈరోజు హార్బర్ చేపండి' అంటే మాత్రం నవ్వి ఊరుకోండి.

ఆ రెండు నెలలు చెరువు సరుకు తినడం తెలివైన పని. పండుగొప్ప, వనామి రొయ్యలు, కొర్రమీను తాజాగానే దొరుకుతాయి. మిగతా కాలంలో వంజరం, చందువా అందరూ అడిగేవే, రేటూ అలాగే ఉంటుంది. నన్నడిగితే కానాగంతల పులుసు, నెత్తళ్ల వేపుడు మేలు. చాలాచోట్ల ఇవి మెనూ కార్డులో ఉండవు, అడిగితేనే చెబుతారు.

## ఆర్డర్ చెప్పేటప్పుడు

సప్లయర్ని ఏమని పిలవాలి?

వయసుని బట్టి అన్నా, తమ్ముడూ, బాబూ. పెద్దాయన అయితే 'ఏమండీ' అనండి. చిటికెలు, ఈలలు వద్దు. 'ఏటి కావాలండీ' అని ఆయన అడిగితే అది విసురు కాదు, ఇక్కడి మాట తీరే అంత.

మెనూలో రెండొందల ఐటమ్స్ ఉన్నాయి. ఏది ఎంచుకోవాలి?

రెండొందల ఐటమ్స్‌కి వెనక ఉండేది నాలుగైదు గ్రేవీలే. మెనూ పక్కన పెట్టి చుట్టుపక్కల టేబుళ్లు చూడండి. మూడు టేబుళ్ల మీద ఒకే వంటకం కనిపిస్తే అదే చెప్పండి. 'ఇక్కడ ఏం బాగుంటుంది' అని అడిగితే 'అన్నీ బాగుంటాయండి' అనే జవాబు వస్తుంది. 'ఇప్పుడు పొయ్యి మీద ఏముంది' అని అడగండి, నిజం వస్తుంది.

ఫుల్ మీల్స్, ప్లేట్ మీల్స్, పార్సిల్ మీల్స్, తేడా ఏంటి? ఫుల్ మీల్స్ ఇద్దరం పంచుకోవచ్చా?

ఫుల్ మీల్స్ అంటే అన్నం, పప్పు, కూరలు, సాంబారు, రసం అడిగినంత వడ్డిస్తారు. స్వీటు, అప్పడం, పెరుగు కప్పు సాధారణంగా ఒక్కసారే. ప్లేట్ మీల్స్‌లో అన్నీ కొలతే, ఎక్స్‌ట్రా రైస్‌కి విడిగా డబ్బులు. ఫుల్ మీల్స్ ఇద్దరు పంచుకుంటే ఎక్కడా ఒప్పుకోరు, అడిగి చిన్నబుచ్చుకోవడం ఎందుకు. ఇద్దరికి సరిపెట్టుకోవాలంటే పార్సిల్ మీల్స్ తీసుకుని ఇంటికెళ్లండి. మళ్లీ వడ్డించే పని లేదు కాబట్టి అన్నం ఒక్కసారే దండిగా కడతారు, తక్కువ తినే ఇద్దరికి సరిపోతుంది.

కొత్తవాళ్లకి ఒక మాట: ఆకు మీద మొదటి ముద్ద కందిపొడి, నెయ్యితో మొదలుపెట్టండి. తర్వాత పప్పు, ఆవకాయ, ఆపైన కూర, పులుసు. మొదటే సాంబారు పోయించుకుంటే కడుపు నిండిపోయి అసలు రుచి ఉన్నవి మిగిలిపోతాయి. మెస్ మంచిదో కాదో చెప్పేది పప్పు. రోజూ ఉండేదే కదా అని దాన్ని నీళ్లలా వదిలేసే చోట మిగతావాటి మీద ఆశ పెట్టుకోకండి.

దమ్ బిర్యానీ, ఫ్రై పీస్ బిర్యానీ ఒకటేనా?

కాదు. దమ్‌లో ముక్క మసాలాతో అడుగున, పైన అన్నం, రెండూ కలిసి మగ్గుతాయి. ఫ్రై పీస్‌లో బిర్యానీ అన్నం మీద విడిగా వేయించిన ముక్కలు పెట్టి ఇస్తారు. కారం, కరివేపాకు, జీడిపప్పు ఘాటు ఇష్టమైతే ఫ్రై పీస్. ముక్క మెత్తగా, అన్నానికి మసాలా పట్టి ఉండాలంటే దమ్. సింగిల్, ఫుల్ అన్న కొలతలు హోటల్‌కి ఒక రకం. ఎన్ని ముక్కలో అడిగి చెప్పండి.

టిఫిన్‌లో తప్పకుండా తినాల్సింది ఏంటి?

పూరీతో బొంబాయి చట్నీ. ఆలూ కూర ఇస్తామంటే కూడా వద్దని చట్నీయే అడగండి. శనగపిండి నీళ్లలో కలిపి, నిలువుగా చీల్చిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేసిన తాలింపులో పోసి ఉడికిస్తారు. గరిటె జారుగా, వేడిగా ఉన్నప్పుడే దాని రుచి. చల్లారితే పైన మీగడ కట్టి గట్టిపడుతుంది. అలా వస్తే 'కాస్త వేడిది పోయండి' అని మొహమాటం లేకుండా చెప్పండి.

తర్వాత ఉప్మా పెసరట్టు. పెనం దగ్గర కాసేపు నిలబడండి. మాస్టర్ పెనం మీద నీళ్లు చిలకరించి, చుయ్యిమన్న వెంటనే చీపురుతో ఒక్క తుడుపు తుడిచి, పచ్చటి పిండి పోసి లోపలి నుంచి బయటికి తిప్పుతాడు. ఉల్లి, అల్లం, జీలకర్ర చల్లి, అంచులు లేచేసరికి మధ్యలో ఉప్మా పెట్టి మడుస్తాడు. ఉప్మా వేడిగా లేకపోతే మొత్తం అట్టే చప్పబడుతుంది. అందుకే ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య తినండి. పక్కన అల్లం చట్నీ ఉండాలి.

దిబ్బరొట్టి కనిపిస్తే వదలకండి, కానీ తొందరలో ఉంటే చెప్పకండి. మూకుడులో సన్నని సెగ మీద కాలాలి, టైము పడుతుంది.

బొంగు చికెన్ నిజంగా బొంగులోనే వండుతారా?

అరకు వైపు గిరిజనుల పద్ధతిలో అయితే అవును. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని నూనె లేకుండా పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడితోనే మాంసం ఉడుకుతుంది. ఊళ్లో కొన్నిచోట్ల కూర విడిగా వండి బొంగులో పోసి తెస్తారు. కనిపెట్టడం తేలిక. నిజమైనదానికి చాలాసేపు ఆగాలి, బొంగు బయట బొగ్గులా మాడి ఉంటుంది, ప్లేటులో నూనె తేలదు. పది నిమిషాల్లో టేబుల్ మీదికి వచ్చిందంటే వంట గిన్నెలో జరిగినట్టే.

మెనూలో చేప రేటు బదులు 'సైజును బట్టి' అని ఉంది. ఎలా అడగాలి?

చేపని చూపించమనండి, తూకం వేయించండి, వండడానికి తీసుకెళ్లే ముందే మొత్తం ఎంతవుతుందో అంకె అడగండి. తూకం శుభ్రం చేయకముందా, తర్వాతా అనేది కూడా అడగాలి, అక్కడే తేడా వస్తుంది. బీచ్ దారిలోని ఒకచోట మా బంధువులు 'మీడియం సైజు' అన్న మాటకు తలూపి, బిల్లు వచ్చాక మొహాలు చూసుకున్నారు. మీడియం అంటే ఎంతో అడిగినవాళ్లు టేబుల్ దగ్గర ఒక్కరూ లేరు.

పిల్లలు కారం తినలేరు. ఏం చెప్పాలి?

'కారం తక్కువ' అంటే ఇక్కడ అర్థం వేరు, తక్కువైన కారమే పిల్లలకి ఎక్కువ. ముద్దపప్పు, నెయ్యి, పెరుగన్నం, ఇడ్లీ చెప్పండి. చికెన్ 65 లాంటి ఎర్రటి వేపుళ్లు తప్పనిసరైతే రంగు వేయకుండా చేయమనండి, చాలామంది చేస్తారు.

'బార్ అండ్ రెస్టారెంట్' అని ఉంటే ఫ్యామిలీతో వెళ్లొచ్చా?

ఫ్యామిలీ సెక్షన్‌కి వేరే గుమ్మం ఉంటే వెళ్లండి. ఒకే హాల్ అయితే వద్దు. అలాంటి చోట వేపుళ్లు బాగుంటాయన్నది నిజమే. పార్సిల్ తెచ్చుకోండి.

ఆడపిల్ల ఒక్కర్తే వెళ్లి తినొచ్చా?

ఎంవీపీ, ద్వారకానగర్, మద్దిలపాలెం లాంటి చోట్ల హాస్టల్ అమ్మాయిలు రోజూ తింటూనే ఉన్నారు. మధ్యాహ్నం రద్దీలో టేబుల్ షేర్ చేసుకోమంటారు. ఇష్టం లేకపోతే ఆగుతానని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

## తింటుండగా

చట్నీ కాస్త పుల్లగా ఉంది. పాడైందా, లేక అంతేనా?

కొబ్బరి చట్నీ పులుపెక్కిందంటే పాడవుతున్నట్టే. మన ఊరి ఉక్కకి, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పొద్దున ఆరింటికి రుబ్బింది పదింటికల్లా తేడా చేస్తుంది. ఆ వేళకి వెళ్తే అల్లం చట్నీ, కారప్పొడి నెయ్యితో తినండి. వేడి సాంబారుకి ఆ భయం లేదు.

బాగాలేకపోతే తిప్పి పంపొచ్చా?

రెండు ముద్దల లోపు చెబితే పంపొచ్చు. చేప నీచు వాసన, ఉడకని కోడి, పాచి వాసన వచ్చే అన్నం, వీటికి మొహమాటపడకండి. సప్లయర్‌తో వాదించకండి, గల్లా దగ్గర కూర్చున్న ఓనర్‌కి మెల్లగా చెప్పండి. మార్చి ఇచ్చే హక్కు ఆయనకే ఉంది. సగం తిన్నాక, ప్లేటు ఖాళీ అయ్యాక చెబితే ఎవరూ ఒప్పుకోరు.

నీళ్ల బాటిల్ కొనాల్సిందేనా?

అవసరం లేదు. జగ్గులో నీళ్లు అడగండి, ఇవ్వాలి. అవి ఫిల్టర్ నీళ్లా కాదా అని అనుమానం ఉంటే మీ బాటిల్ మీరు తీసుకెళ్లండి.

## బిల్లు దగ్గర

బిల్లులో జీఎస్టీ వేశారు. ఎంత ఉండాలి?

మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం. అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది, అందుకే బిల్లులో 2.5 చొప్పున రెండు వరసలు కనిపిస్తాయి. ఏసీ హాల్ అయినా, నాన్ ఏసీ అయినా పన్ను అంతే. ఏసీకి రేట్లు ఎక్కువ ఉంటే అది హోటల్ వాళ్లు పెట్టుకున్న రేటు, పన్ను కాదు. జీఎస్టీ తీసుకుంటే బిల్లు మీద 15 అక్షరాలు, అంకెల నంబర్ ఉండాలి. మన రాష్ట్రంలో అది 37తో మొదలవుతుంది. కాంపోజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకాల మీద కొద్ది పన్ను తామే కట్టే పద్ధతిలో, ఉన్న చిన్న హోటళ్లు కస్టమర్ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు. తెల్ల కాగితం మీద నంబర్ లేకుండా 'జీఎస్టీ' అని రాసిస్తే ఎందుకని అడగండి.

సర్వీస్ ఛార్జ్ కట్టాలా?

కట్టక్కర్లేదు. దాన్ని వాళ్లంతట వాళ్లు బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమంటే తీసేస్తారు. మెస్సుల్లో, టిఫిన్ సెంటర్లలో అసలు ఈ బెడద ఉండదు.

వాటర్ బాటిల్‌కి ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ వేశారు. గొడవ పెట్టుకోవచ్చా?

కూర్చుని తిన్న చోట గెలవడం కష్టం. టేబుల్ దగ్గర అందించే హోటళ్లు, రెస్టారెంట్లు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మెనూలో రేటు చూసి తీసుకోండి.

టిప్ ఎంత ఇవ్వాలి?

తప్పనిసరి కాదు. సోంపు ప్లేటులో పదో ఇరవయ్యో పెడతారు. ఫోన్‌తో బిల్లు కట్టేస్తున్న రోజుల్లో సప్లయర్‌కి చిల్లర దక్కడం తగ్గిపోయింది, కాబట్టి జేబులో కొన్ని నోట్లు ఉంచుకోండి. సాయంత్రం బీచ్ రద్దీలో నెట్‌వర్క్ మొరాయించినా అవే పనికొస్తాయి.

## పార్సిల్, ఆ తర్వాత

యాప్‌లో ఆర్డర్ చేస్తే రేటు ఎందుకు ఎక్కువ?

యాప్ వాళ్లకి కమీషన్ పోతుంది కాబట్టి చాలా హోటళ్లు అక్కడ రేటు పెంచి పెడతాయి. దగ్గర్లోనే ఉంటే ఫోన్ చేసి చెప్పి, మీరే వెళ్లి తెచ్చుకోండి. దోశ, పెసరట్టు, పూరీ మాత్రం పార్సిల్ కట్టించకండి, ఆవిరికి మెత్తబడిపోతాయి. ఇడ్లీ, బిర్యానీ, పులుసు కూరలు బాగానే వస్తాయి.

మా ఇంటి గిన్నె తీసుకెళ్తే అందులో పోస్తారా?

కర్రీ పాయింట్లలో సంతోషంగా పోస్తారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా వేడి సాంబారు పలచటి కవర్లో కట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. స్టీలు క్యారియర్ చాపితే కవర్ మిగిలినందుకు ఒక గరిటె ఎక్కువే పడుతుంది.

తిన్నాక కడుపు పాడైంది. ఎవరికి చెప్పాలి?

ముందు డాక్టర్‌కి. వాంతులు, విరేచనాలు ఆగకపోయినా, పిల్లలు, పెద్దవాళ్లు నీరసించినా ఆలస్యం చేయకండి. తర్వాత బిల్లు తీయండి. దాని మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబర్ ఉండాలి, 2022 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఆ నంబర్‌తో ఫిర్యాదు పెట్టొచ్చు. బిల్లు, డబ్బుల తగాదా అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తిన్న తేదీ, టైము, ఏం తిన్నారో, మీతో తిన్న ఇంకెవరికైనా అలాగే అయిందో రాసి పెట్టుకోండి. మిగిలిన పార్సిల్ ఉంటే పారేయకుండా ఫ్రిజ్‌లో విడిగా ఉంచండి. బిల్లు లేకపోతే ఫోన్‌లో డబ్బు కట్టిన మెసేజ్ అయినా దాచండి.